బోనెక్కని చరిత్ర: యుద్ధ నేర విచారణలు, సినిమా, మన హైదరాబాదు కేసులు

తెలుగు సినిమాకి కోర్టంటే ఎంత మక్కువో 1982 ఒక్క సంవత్సరాన్ని చూస్తే చాలు. ‘జస్టిస్ చౌదరి’ ఆ ఏడాదే వచ్చింది, ‘బొబ్బిలిపులి’ ఆ ఏడాదే వచ్చింది. సైన్యం నుంచి వచ్చిన మేజర్ చక్రధర్ బోనులో నిలబడి న్యాయవ్యవస్థనే నిలదీస్తుంటే హాళ్లు దద్దరిల్లాయి. చరిత్ర అంటే కూడా మన సినిమాకి తక్కువ ప్రీతి లేదు. అల్లూరి దగ్గర్నుంచి కొమురం భీం దాకా వీరుల కథలు తెరకెక్కాయి. అయితే ఈ రెండు ప్రీతులూ కలవవలసిన ఘట్టం ఒకటి మన చరిత్రలోనే ఉంది. 1948 సెప్టెంబరు తర్వాత హైదరాబాదు రాష్ట్రంలో ప్రత్యేక ట్రిబ్యునళ్ల ముందు జరిగిన విచారణలే ఆ ఘట్టం. వాటిని కథావస్తువుగా తీసుకున్న పేరుపొందిన తెలుగు చిత్రం ఒక్కటీ లేదు. ఎందుకు లేదన్నది ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన ప్రశ్న. ఇది సినిమావాళ్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అనుకుంటే పొరపాటు. వాళ్లకు కథ అందించవలసిన రచయితలకు సంబంధించిన ప్రశ్న కూడా.

ముందుగా ప్రపంచానుభవం చూద్దాం. యుద్ధ నేర విచారణకూ తెరకూ ఉన్న సంబంధం సినిమావాళ్లు తర్వాత కల్పించింది కాదు. న్యూరెంబర్గు విచారణ 1945 నవంబరు 20న మొదలైంది. తొమ్మిది రోజులు తిరక్కుండానే, నవంబరు 29న, న్యాయస్థానంలోనే తెర కట్టి నాజీ నిర్బంధ శిబిరాల చిత్రాన్ని సాక్ష్యంగా ప్రదర్శించారు. హాలు చీకటి చేసినా ముద్దాయిల ముఖాల మీద మాత్రం సన్నని వెలుగు పడే ఏర్పాటు చేశారు. చూసేవాళ్లు తెరనూ చూడాలి, తెరను చూస్తున్న నేరస్థులనూ చూడాలి. 1961లో జెరూసలేంలో ఐక్‌మన్ విచారణ ఒక సాంస్కృతిక భవనంలో, రంగస్థలం కోసం కట్టిన హాల్లో జరిగింది. దాన్ని మొదటినుంచీ చివరిదాకా కెమెరాలు పట్టాయి. అంటే ఈ తరహా విచారణకు ప్రేక్షకుడు మొదటినుంచీ ఉన్నాడు. శిక్ష వేయడం ఒక్కటే దాని ప్రయోజనం కాదు. జరిగినదాన్ని నలుగురి ముందూ రుజువు చేసి, కాదనడానికి వీల్లేకుండా నమోదు చేయడం కూడా దాని ప్రయోజనమే.

ఈ వస్తువును నాటకంగా మలిచిన చిత్రాల్లో తలమానికం స్టాన్లీ క్రామర్ 1961లో తీసిన ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’. గోరింగ్ వంటి పెద్ద నాయకుల విచారణను క్రామర్ తీసుకోలేదు. 1947లో నాజీ న్యాయమూర్తుల మీద, న్యాయశాఖ అధికారుల మీద జరిగిన విచారణను ఆధారం చేసుకున్నాడు. ఈ ఎంపికలోనే ఆయన దృక్పథం ఉంది. కత్తి పట్టినవాణ్ణి దోషి అనడం తేలిక. చట్టపుస్తకం చేతపట్టుకుని, సంతకం పెట్టి, మనుషులను చావుకు పంపినవాడి సంగతేమిటి? బోనులో ఉన్నదీ న్యాయమూర్తే, పీఠం మీద ఉన్నదీ న్యాయమూర్తే. ముద్దాయి తరఫు వకీలు ఒక దశలో ప్రపంచాన్నంతా సాక్షిగా లాగుతాడు. బలవంతపు వంధ్యీకరణను సమర్థించిన అమెరికన్ తీర్పునే గెలిచినవాళ్ల ముఖాన పెడతాడు. ఆ వాదన విని ప్రేక్షకుడు ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బందే చిత్రానికి ప్రాణం. నేరస్థుడికి మాట్లాడే అవకాశమిచ్చి, అతని వాదన పూర్తిగా విన్న తర్వాత కూడా అతను దోషేనని తేల్చగలిగినప్పుడే ఆ తీర్పుకు బలం. నోరు నొక్కి వేసిన శిక్షకు ఆ బలం రాదు.

చిత్రం చివర వచ్చే అక్షరాలు ఇంకా ముఖ్యం. అమెరికన్ మండలంలో జరిగిన ఆ విచారణల్లో జైలు శిక్ష పడినవాళ్లు 99 మంది అని, చిత్రం వచ్చేనాటికి వాళ్లలో ఒక్కరూ జైల్లో లేరని తెర మీద చూపి ముగిస్తాడు. రెండున్నర గంటలకు పైగా తీర్పు కోసం ఎదురుచూసిన ప్రేక్షకుడికి తీర్పు ఇచ్చి, వెంటనే దాన్ని రాజకీయం ఎలా మింగేసిందో చెప్పాడు. ప్రచ్ఛన్నయుద్ధానికి జర్మనీ అవసరమైంది, నేరస్థులు ఇళ్లకు వెళ్లారు. కోర్టు నాటకాన్ని చరిత్రలో నిలబెట్టి చూపడమంటే ఇదే. తీర్పుతో కథ ముగిసిందని నమ్మించే చిత్రం పాలకవర్గాలకు ఎప్పుడూ ఇష్టమే. తీర్పు తర్వాత ఏమైందని అడిగే చిత్రమే కొరకరాని కొయ్య. ఈ కథే 1959లో అమెరికన్ టెలివిజన్‌లో నాటకంగా వచ్చినప్పుడు, ప్రసారానికి డబ్బు పెట్టిన గ్యాసు వ్యాపారుల సంఘం కోసం విషవాయు గదుల ప్రస్తావన వచ్చినచోట శబ్దం తీసేశారు. పెట్టుబడికి ఇబ్బందైతే చరిత్ర నోరు కూడా మూతపడుతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

టోక్యో విచారణ సంగతి వేరు. 11 దేశాల న్యాయమూర్తులు కూర్చున్న ఆ పీఠం మీద మన రాధావినోద్ పాల్ ఉన్నారు. ముద్దాయిలందరూ నిర్దోషులని ఆయన విడిగా తీర్పు రాశారు. 2016లో వచ్చిన ‘టోక్యో ట్రయల్’ ధారావాహికలో ఆ పాత్రను ఇర్ఫాన్ ఖాన్ వేశారు. గెలిచినవాడు ఓడినవాడికి తీర్పు చెప్పవచ్చునా, అణుబాంబు వేసినవాడు న్యాయపీఠమెక్కవచ్చునా అన్న ప్రశ్న ఆ విచారణను వదల్లేదు. దాన్ని వదలని రెండో ప్రశ్న చక్రవర్తి హిరోహితోది. ఆయన పేరున యుద్ధం జరిగింది, ఆయన మాత్రం బోనెక్కలేదు. ఆ తీర్పు వెలువడింది 1948 నవంబరులో. ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. అప్పటికి హైదరాబాదులోకి భారత సైన్యం వచ్చి రెండు నెలలైంది.

ఇక మన సంగతికి వద్దాం. నేను పనిచేసే గట్టు ప్రాంతం కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ. గద్వాల, అలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. ఇక్కడి వృద్ధులు ఆ రోజులను రజాకార్ల కాలమనే అంటారు. అవతల ఆత్మకూరు దగ్గర అప్పంపల్లిలో 1947 అక్టోబరులో జనం మీద పోలీసులు కాల్పులు జరిపిన సంగతి పాలమూరు జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి స్వయంగా వకీలు. ఆయన ‘గోలకొండ పత్రిక’ నడిపింది ఆ నిజాం రాజ్యంలోనే. కాబట్టి ఈ చర్చ మాకు పుస్తకాల్లోంచి వచ్చినది కాదు.

1948 సెప్టెంబరు 13 నుంచి అయిదు రోజులు ట్యాంకులతో, విమానాలతో జరిగినదానికి ప్రభుత్వం పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. ఈ పేరు దగ్గరే అసలు కథ మొదలవుతుంది. యుద్ధం అనకపోతే యుద్ధ నేరాలు కూడా ఉండవు. న్యూరెంబర్గులో ‘మానవాళిపై నేరాలు’ అన్న అభియోగం మోపిన మూడేళ్లకే, ఇక్కడ ఊళ్ల మీద సాయుధదళాలు పడి చేసిన ఘోరాలు హైదరాబాదు శిక్షాస్మృతి కింద దోపిడీ కేసులుగా, హత్య కేసులుగా, ఒక్కొక్కటిగా విడిపోయాయి. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ, తానే ఒక వకీలు, లాతూరులో ప్రాక్టీసు చేసినవాడు. అతనికి శిక్ష పడిన ప్రధానమైన కేసు బీబీనగర్ దోపిడీ కేసు. 1948 జనవరి 10న ఆ ఊరి మీద జరిగిన దాడికి సంబంధించినది. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపిన కేసులో కూడా అతన్ని విచారించారు. రజ్వీకి ఏడేళ్ల కఠిన శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు, 1970లో చనిపోయాడు. ప్రధానిగా ఉన్న లాయక్ అలీ అంతకుముందే, 1950 మార్చిలో, గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. మరి ఎవరి పేరున ఇదంతా జరిగిందో ఆ నిజాం? 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. 1956 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. టోక్యోలో హిరోహితో ఎక్కని బోను ఇక్కడ నిజాం కోసం తయారే కాలేదు.

ఇది కథలో సగమే. అవే రోజుల్లో, అలాంటి ప్రత్యేక ట్రిబ్యునళ్లే తెలంగాణ రైతులను కూడా విచారించాయి. దొరల భూములు పంచిన నల్లగొండ, వరంగల్లు పల్లెల పోరాటకారుల్లో పన్నెండు మందికి మరణశిక్షలు పడ్డాయి. 1949 ఆగస్టులో ట్రిబ్యునలు తీర్పు చెప్పింది, డిసెంబరులో హైకోర్టు ఖాయం చేసింది. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి. ఎన్. ప్రిట్ వచ్చాడు. జర్మనీలో రైఖ్‌స్టాగ్ దహనం కేసులో హిట్లరు ప్రభుత్వం కమ్యూనిస్టులను ఇరికించినప్పుడు, 1933లో లండన్‌లో దానికి పోటీగా జరిగిన ప్రజావిచారణకు అధ్యక్షత వహించినవాడాయన. విచారణలో తమకు వకీలును పెట్టుకునే అవకాశం సరిగా దక్కలేదన్నది రైతుల ఫిర్యాదు. 1951లో సుప్రీంకోర్టు ఏమన్నది? రాజ్యాంగం అమల్లోకి వచ్చేలోగానే కేసు ముగిసింది గనుక తాము కల్పించుకోలేమన్నది. ఆరేడు వారాల తేడాలో ప్రాథమిక హక్కులు వాళ్లకు అందకుండా పోయాయి. చివరికి దేశదేశాల్లో లేచిన ఆందోళన ఫలితంగానే ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి.

దీని పక్కన గుర్తూరు కేసును పెట్టి చూడండి. వరంగల్లు సుబేదారుగా ఉన్న హబీబ్ మహమ్మద్ 1947 డిసెంబరు 9న బలగాలతో గుర్తూరు మీదికి వెళ్లాడని, ఊరు తగలబెట్టించి కాల్పులు జరిపించాడని అభియోగం. ట్రిబ్యునలు ఉరిశిక్ష వేసింది. హైకోర్టులో న్యాయమూర్తులకు ఏకాభిప్రాయం కుదరలేదు, మూడో న్యాయమూర్తి అభిప్రాయంతో శిక్ష నిలిచింది. 1953 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజు సుబేదారు వెంట ఉన్న బియాబానీ అనే పోలీసు అధికారిని ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవలేదు, ముద్దాయి కోరిన సాక్షులను రప్పించనూ లేదు, ఇలాంటి విచారణతో మనిషిని ఉరితీయలేమన్నది దాని సారాంశం. ఈ కేసు రాజ్యాంగం వచ్చిన తర్వాత దాకా సాగింది. రైతుల కేసు అంతకుముందే ముగిసింది. ఒకరికి న్యాయస్థానం తలుపు తెరుచుకుంది, మరొకరికి తేదీ చూపించి మూసుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సుబేదారును వదిలేశారు, రైతును వదల్లేదు అని అరచి ఊరుకోవడం తేలిక. నా ఉద్దేశం అది కాదు. సుబేదారుకు దక్కిన న్యాయవిచారణ తప్పు కాదు, అది రైతుకు దక్కకపోవడం తప్పు. గుర్తూరులో కాలిన ఇళ్లు, రాలిన ప్రాణాలు నిజం. ఆ నిజాన్ని సరైన సాక్షితో రుజువు చేయలేకపోయిన ప్రభుత్వం గుర్తూరు జనానికి కూడా అన్యాయమే చేసింది. కోర్టు నాటకం రాసేవాడికి ఇంతకు మించిన సంఘర్షణ ఎక్కడ దొరుకుతుంది?

మూడో సంగతి అసలు ఏ కోర్టుకూ ఎక్కనిది. సైన్యం వచ్చిన తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించడానికి ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ బృందం జిల్లాలు తిరిగింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయన్నది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. ఆ చావులకు ఏ ట్రిబ్యునలూ కూర్చోలేదు.

ఇప్పుడు సినిమాకు వద్దాం. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ గుర్తుచేసుకోండి. చరిత్రలో రాజుకు విచారణ లేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర పట్టుకుని కాల్చేశారు. సినిమా మాత్రం రూథర్‌ఫర్డ్ ముందు ఆయన్ను నిలబెట్టి, సామ్రాజ్యాన్ని నిలదీసే మాటలు చెప్పించి, జరగని విచారణను జరిపించింది. జనం దాన్ని స్వీకరించారు, ఎందుకంటే ఆ విచారణ జరగవలసింది. అంటే విచారణ లేనిచోట మన సినిమా దాన్ని కల్పించుకుంది. విచారణలు నిజంగా జరిగిన చోట వాటిని వదిలేసింది. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ తెలంగాణ పోరాటం మీద వచ్చిన గొప్ప చిత్రం, అందులో సందేహం లేదు. కిషన్ చందర్ నవల ఆధారంగా గడీనీ వెట్టినీ తిరుగుబాటునూ చూపింది. దాని దృష్టి పొలం మీద ఉంది, తుపాకి మీద ఉంది. కోర్టు దాని వస్తువు కాదు.

2024 మార్చిలో వచ్చిన ‘రజాకార్’ సంగతి వేరు. దాని ఊతం ఘాతుకాల మీద ఉంది. ఒకదాని వెనుక ఒకటిగా హింసా దృశ్యాలు వస్తాయి. విచారణ దాని వస్తువు కాదు. ఘాతుకాలు జరగలేదని నేననను. జరిగాయి. కాని బోను లేకుండా నేరాన్ని మాత్రమే చూపితే ఏమవుతుంది? ప్రేక్షకుడే జడ్జీ అవుతాడు. ఒక పక్షం సాక్ష్యమే వింటాడు, హాలు బయటికి రాగానే శిక్ష ఎవరికి వేయాలా అని వెతుకుతాడు. కోర్టుకు ఒక గుణముంది. అది మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది. ఎవరు, ఏ రోజు, ఏ ఊళ్లో, ఎవరి ఆజ్ఞ మీద అని అడుగుతుంది. బోనులో ఒక మనిషి నిలబడతాడు, ఒక మతం నిలబడదు. షోయబుల్లాఖాన్ ముస్లిం. అతన్ని చంపిన రాజకీయాన్ని నడిపినవాడూ ముస్లిమే. నిజాం మీద తిరగబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. నిజాంకు అండగా నిలిచిన దొరల్లో హిందువులు ఎందరో. ఈ తేడాలను కేసు కాగితం నిలబెడుతుంది, ఘాతుక దృశ్యాల వరస చెరిపేస్తుంది.

ఈ మధ్య పదో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగాడు: “సార్, రజ్వీని ఆఖరికి ఏం జేసిన్రు?” చెప్పాను. ఏడేళ్లేనా అన్నాడు. కాసేపాగి, “మరి రైతులకెందుకు ఉరి సార్?” అన్నాడు. ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన పెట్టే కథ మన దగ్గర లేదు. ఆ పిల్లవాడికి చదువుకోమని చేతికివ్వడానికి నవల లేదు, చూడమనడానికి చిత్రం లేదు.

సినిమాను తప్పుపట్టే ముందు మన అలమర చూసుకోవాలి. ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ రాశారు, ‘జైలు లోపల’ కథలు రాశారు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’ రాశారు. సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ నాటకం రాశారు. గడీ వచ్చింది, అడవి వచ్చింది, జైలు వచ్చింది. అడవికీ జైలుకూ మధ్యనున్న కోర్టు హాలు మాత్రం మన సాహిత్యంలో ఖాళీగా ఉండిపోయింది. కారణం లేకపోలేదు. కోర్టు పాలకవర్గపు పరికరం, దాని తీరు ముందే తెలుసు, అందులో చూడడానికేముంది అన్న భావన మన అభ్యుదయ రచయితల్లో బలంగా ఉంది. పరికరమే కావచ్చు. కాని ఆ పరికరం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ పీడితుడు దాన్ని తనవైపు తిప్పుకోగలడో చూపడం రచయిత పని కాదా? క్రామర్ చేసింది అదే కదా?

శిల్పపరంగా కూడా ఇది సామాన్యమైన వస్తువు కాదు. హైదరాబాదు కోర్టుల భాష ఉర్దూ. గుర్తూరు రైతు తెలుగులో చెప్పుకున్నది ఉర్దూ కోర్టును దాటి, సుప్రీంకోర్టు దాకా వెళ్లేసరికి ఇంగ్లీషయింది. అతని ఏడుపు ఏ భాషలో ఎంత మిగిలింది? న్యూరెంబర్గులో నాలుగు భాషల్లో ఒకేసారి అనువాదం నడిచింది. క్రామర్ చిత్రంలో ముద్దాయి తరఫు వకీలు జర్మనులో మొదలుపెట్టిన ప్రసంగం, కెమెరా దగ్గరికి జరిగిన క్షణంలో ఇంగ్లీషులోకి మారిపోతుంది. ఒక్క దృశ్యంతో భాషా సమస్యను పరిష్కరించాడాయన. మన నాటకకర్త ఆ మార్పును దాచకుండా, దాన్నే సంఘర్షణగా పెట్టవచ్చు. దుబాసీ నోట్లో సాక్ష్యం ఎలా చిక్కిపోతుందో చూపవచ్చు.

దీనికి కావలసిన సామగ్రి ఎక్కడో నేలమాళిగల్లో లేదు. పన్నెండు మంది రైతుల పిటిషన్ మీద 1951 తీర్పు, రజ్వీ పిటిషన్ మీద, హబీబ్ మహమ్మద్ అప్పీలు మీద 1953 తీర్పులు అచ్చయిన న్యాయ నివేదికల్లో ఉన్నాయి. సుందర్‌లాల్ నివేదిక ఇప్పుడు చదువుకోవచ్చు. తెలుగు ఎం.ఏ. చదివే విద్యార్థులు ప్రబంధాలతో పాటు ఈ తీర్పులను కూడా వాచకాలుగా చదవాలని నా సూచన. అందులో కథనం ఉంది, పాత్రలున్నాయి, చెప్పకుండా వదిలేసిన మాటలున్నాయి. వదిలేసిన మాటలను పట్టుకోవడమే కదా విమర్శ.

ముగ్గురు మనుషులను ఒకే హాల్లో ఊహించండి. ఉరికంబం తప్పించుకున్న నల్లగొండ రైతు, విడుదలై వెళ్లిపోతున్న సుబేదారు, పిలుపు రాని సాక్షి. వాళ్ల వెనుక గోడ మీద రాజ్‌ప్రముఖ్ పటం. బయట మెట్ల మీద, ఏ కోర్టూ పిలవని బీదరు వితంతువు. ఈ అయిదింటినీ ఒకే దృశ్యంలో ఇమిడ్చే రచయిత వస్తే, రజాకార్ల పేరు చెప్పి ఊళ్లల్లో మళ్లీ మంట రాజేసేవాళ్లకు జవాబు దొరుకుతుంది. అంతవరకూ ఆ జవాబు న్యాయ నివేదికల్లో, ఇంగ్లీషులో, మూసిన పుటల మధ్యే ఉంటుంది.